తిన్నగా వాయించు

గోడకి వయొలిన్ తల తగిలిన చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నిన్న సాయంత్రం కూడా అంతే. నెల్లూరులో మా ఇంటికి నేర్చుకోవడానికి వచ్చే పిల్ల ఒకతి, మడతపెట్టిన తువ్వాలు గోడకి ఆనించి, దాని మీద వయొలిన్ తల మోపి, ఎడమచేతి వేలిని తీగ మీద వెనక్కీ ముందుకీ దొర్లిస్తోంది. తువ్వాలు జారిపోయి కొయ్య టక్కున గోడకి కొట్టుకుంది. ఆ పిల్ల నా ముఖం చూసి హడలిపోయి "సారీ మేడం" అంది. తన తప్పేం లేదని చెప్పి, తువ్వాలు మళ్ళీ సర్ది, వంటింట్లోకి పోయి చన్నీళ్ళు తాగాను. నా కోపం ఆ పిల్ల మీద కాదు. అట్లా తువ్వాలు పెట్టడం నాకు నేర్పిన మనిషికి జరిగిన దాని మీద. నిజం చెప్పాలంటే, కొంత ఆ మనిషి మీద కూడా.

ఆమె పేరు గ్రేసమ్మ టీచరు. బిట్రగుంట రైల్వే కాలనీలో మా క్వార్టర్సుకి వెనక వరసలో ఉండేవారు. రైల్వే స్కూల్లో లెక్కలు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళ నాన్న ఇంజన్ డ్రైవరు. దొరల కాలంలో రైల్వే క్లబ్బులో, అదే ఇన్‌స్టిట్యూట్‌లో, బ్యాండు వాయించేవాళ్ళ దగ్గర వయొలిన్ పట్టుకోవడం నేర్చుకుని, కొడుకులకి అబ్బకపోయేసరికి కూతురికి నేర్పాడు. కచేరీల్లో మాదిరి కింద కూర్చుని వయొలిన్ తలని చీలమండ మీద ఆనించి వాయించే పద్ధతి కాదు, గడ్డం కింద ఇరికించుకుని వాయించే పద్ధతి. ఆదివారం మా చర్చిలో, మా మాటలో గుళ్ళో, క్వయర్ ముందు వరసలో ఆమె కుర్చీ ఉండేది. మా నాన్న గూడ్సు బండి గార్డు. ఒక రోజు డ్యూటీ దిగి వస్తూ ఆమె ఇంటి ముందు ఆగి, "మా సుగుణకి కూడా కాస్త చెప్పండి టీచరమ్మా" అని అడిగాడు. అట్లా మొదలైంది.

నాకప్పుడు ఒకటే తొందర. రేడియోలో పాటల వెనకాల వయొలిన్లు ఊగుతూ, గుండెని పట్టుకుని లాగినట్టు మోగుతాయే, ఆ మోత నాకు కావాలి. పుస్తకాల్లో దాన్ని వైబ్రాటో అంటారు. టీచరు ఊపు అనేవారు. చేరిన కొత్తలోనే, ఆమె చూడటం లేదనుకుని, మోచేయి మొత్తం ఆడిస్తూ వాయించాను. ఆమె లెక్కల పేపర్లు దిద్దుతూనే అడిగారు.

"ఏంది మే అది? జొరమొచ్చిందా?"

"ఊపుతున్నా టీచర్."

"అది ఊపు కాదు, వణుకు. ముందు సొరాన్ని తిన్నగా నిలబెట్టు. ఊపు సంగతి తరవాత చూద్దాం."

ఆ తరవాత అనేది రావడానికి ఏడాది పైనే పట్టింది. అన్నాళ్ళూ చప్పగా, గీత గీసినట్టు ఒక్కొక్క స్వరం. నేను పళ్ళు కొరుక్కుంటూ వాయించేదాన్ని. ఒక రోజు ఆమె దండెం మీది తువ్వాలు లాగి, మడిచి, గోడకి పెట్టి, నా వయొలిన్ తలని దానికి ఆనించారు. వాద్యం బరువు గోడ మోస్తుంది, నా చెయ్యి ఖాళీ అవుతుంది. "ఇప్పుడు వేలు మాత్రమే దొర్లించు. ముగ్గిందో లేదో సపోటాని నొక్కి చూస్తామే, అంతే బలం. సొరం కిందకి పోయి మళ్ళా తన చోటికి రావాల. పైకి మాత్రం పోకూడదు. పోయిందా, వినేవాళ్ళకి శ్రుతి తప్పినట్టుంటాది." నా బొటనవేలు వయొలిన్ మెడని ఉడుంలా పట్టుకునేది. ఆమె వచ్చి ఆ వేలిని ఊడబెరికి, "దీన్నెవురూ ఎత్తుకపోరు మే, వదులు" అనేవారు. ఎడమ మణికట్టు నొప్పితో పొద్దున్నే జడ వేసుకోలేకపోయేదాన్ని. అమ్మ వేసేది.

నాకు ఊపు ఒక దారికి వస్తున్న రోజుల్లో ఒకనాడు ఆమె లేచి వరండా తలుపు మూసి గడియ పెట్టారు. పట్టపగలు, ఎండాకాలం, ఫ్యాను కూడా సరిగ్గా తిరగని గదిలో తలుపెందుకు మూశారో నాకు అర్థం కాలేదు. ఆమె తన వయొలిన్ తీసి, మేము ప్రతి ఆదివారం పాడుకునే కీర్తనే వాయించారు. నాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన పాట. కానీ ఆమె వేళ్ళ కింద ఒక్కొక్క స్వరం మెల్లగా కదిలి, వెచ్చబడి, ఎవరో పక్కన కూర్చుని నా పేరు పిలిచినట్టు వినిపించింది. నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

"గుళ్ళో ఇట్టా వాయించరేం టీచర్?"

ఆమె విల్లుకి రుద్దే రోజిన్ పొడి తీగల మీద పడితే దాన్ని గుడ్డతో తుడుస్తూ, "పెద్దాయనకి గిట్టదు" అన్నారు. లేచి గడియ తీశారు.

పెద్దాయన అంటే మా సంఘ పెద్ద, దానియేలు గారు. లోకో షెడ్డులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. శనివారం సాయంత్రం క్వయర్ ప్రాక్టీసుకి వచ్చి ముందు బల్ల మీద కూర్చుని, రెండు కాళ్ళ మధ్య గొడుగు నిలబెట్టుకుని వినేవాడు. నచ్చనిది వినిపిస్తే గొడుగు మొనతో గచ్చు మీద కొట్టేవాడు. అంతే, పాట ఆగిపోవాలి. టీచరు వయసులో ఉన్నప్పుడు ఒక ఆరాధనలో ఊపుతో వాయించారట. ఆయన అందరి ముందూ లేచి, "ఇది దేవుడి గుడా, సినిమా హాలా? ఆడమనిషి ముందు కూర్చోవటమే ఎక్కువ. కులుకులు యింట్లో పెట్టుకో" అన్నాడట. ఆ రోజు నుంచీ ఆమె గుళ్ళో తిన్నగా వాయించారు. ఇదంతా మా అమ్మ చెప్పింది, తల దువ్వుతూ, ఏదో కూరలో ఉప్పు తగ్గిన సంగతి చెప్పినట్టు.

ఇక్కడ నాకు అరవాలనిపిస్తుంది. ఎందుకంటే ఆ దానియేలు గారు పాడితే మొదటి అక్షరం నుంచి ఆమెన్ దాకా గొంతు వణుకుతూనే ఉండేది. ఏ స్వరమూ ఒక చోట నిలబడేది కాదు. అది విని ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకునేవాళ్ళు. ఆత్మ నిండితే అట్లాగే వణుకుతుందని అమ్మే చెప్పింది. ఆయన గొంతు వణికితే ఆత్మ. ఆమె వేలు కదిలితే సినిమా.

ఆ ఏడు మంచి శుక్రవారం నాకు అవకాశం వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటల పాటు జరిగే ఆరాధన అది. సిలువ మీద యేసు పలికిన ఒక్కొక్క మాట మీద ప్రసంగం అయ్యాక, మధ్యలో ఎవరూ పాడకుండా ఒక కీర్తన వాయించడం మా సంఘంలో ఆనవాయితీ. ఆ ఉదయమే టీచరు నా జడకి తెల్ల రిబ్బను కడుతూ చెప్పారు. "తిన్నగా వాయించు మే. మరిచిపోవద్దు." సరేనన్నాను. మొదటి చరణం తిన్నగానే వాయించాను. రెండో చరణంలో, ‘దప్పిగొనుచున్నాను’ అన్న ఆయన మాట విన్న వేడి ఇంకా చెవుల్లో ఉండగా, నా వేలు దొర్లింది. అడ్డుకోలేదు. ముందు వరసల్లో తెల్ల చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలెత్తారు. గచ్చు మీద గొడుగు మోగింది. నేను ఆపలేదు. అప్పుడు టీచరు కుర్చీలోంచి లేచి, చర్చి అంతా వినేటట్టు అన్నారు. "తిన్నగా వాయించు మే."

ఆయన అని ఉంటే నేను వాయిస్తూనే ఉండేదాన్ని. అన్నది ఆమె. మిగిలిన పాట గీత గీసినట్టు వాయించి కూర్చున్నాను. దానియేలు గారు తృప్తిగా తల ఆడించాడు.

ఇంటికి పోయే దారిలో, ఆ ఎండలో, ఆమెని నిలదీశాను. "వాళ్ళు నోరు నొక్కితే నొక్కారు, మీరెందుకు నొక్కినారు టీచర్?"

ఆమె నడుస్తూనే చెప్పారు. "వాళ్ళు కాచుకోనుండారు మే, నా కుర్చీ ఎప్పుడు తీసేద్దామా అని. అది పోతే నా ఎనకాల యే ఆడపిల్లా ఆ వరసలో కూర్చోదు. ఇయ్యాళ నువ్వు కూర్చున్నావా లేదా?"

"అట్టా కూర్చోని ఏం లాభం?"

"కూర్చుంటే గదా ఎప్పుడైనా వాయించేది."

నాకు ఆ బేరం నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. కుర్చీ నిలబెట్టుకోవడానికి తన చేతిలోని ప్రాణాన్ని ఇచ్చేశారు, మారు మాట్లాడకుండా. నేను మద్రాసు పోయి, ఏ సినిమా పేరు చెప్పి ఆమెని తిట్టారో ఆ సినిమా పాటల రికార్డింగుల్లోనే ఏళ్ళ తరబడి ఊపుతో వాయించి బతికాను. సెలవులకి వచ్చినప్పుడల్లా చర్చిలో ఆమె అదే కుర్చీలో, అదే తిన్నని గీతలు గీస్తూ కనిపించేవారు. చూపు మందగించి విల్లు ఏ తీగ మీద పడుతోందో కనబడనంత దాకా ఆమె ఆ కుర్చీ వదల్లేదు.

ఆమె పోయినప్పుడు నేను నెల్లూరుకి తిరిగి వచ్చేసి ఉన్నాను. భూస్థాపనలో మట్టి పూడ్చేంత సేపూ పాట ఆగకూడదు మా వాళ్ళకి. దిబ్బ పూర్తయ్యే దాకా క్వయర్ పాడుతూనే ఉండాలి. నేను వాళ్ళతో గొంతు కలపనన్నాను. నిలబడి, ఆమె తలుపు మూసి వాయించిన కీర్తనే, ఆమె ఊపుతోనే వాయించాను. పారలు మట్టి ఎత్తిపోస్తున్నాయి. ఎవరైనా ఆపమంటే ఏమనాలో దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చాను. దానియేలు గారు అప్పటికే లేరు, ఆయన కొడుకు ఇప్పుడు సంఘ పెద్ద. అతను నా వైపే చూస్తున్నాడు. రమ్మను, చూద్దాం అనుకున్నాను.

అంతా అయ్యాక అతను వచ్చాడు. కళ్ళు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంత బాగా వాయించినావక్కా! మా నాయనుంటే ఎంత సంతోషపడేవాడో."

నా చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "మీ నాయనే గదా ఇట్టా వాయించొద్దన్నది" అన్నాను.

"మా నాయనా? ఆయనెందుకంటాడక్కా?" అన్నాడు. అబద్ధం ఆడటం లేదు. నిజంగానే అతనికి తెలీదు. చుట్టూ ఉన్న ముసలివాళ్ళని చూశాను. వాళ్ళూ అట్లాగే చూస్తున్నారు. ఆమె బతుకంతా మోసిన ఆజ్ఞ వాళ్ళకి గుర్తు కూడా లేదు. అతను దిబ్బ వైపు తిరిగి, ఎంతో జాలిగా అన్నాడు. "పాపం, టీచరమ్మ అంత కాలం వాయించినా, ఆమెకి మాత్రం ఈ ఊపు రాలేదు గదక్కా."

నా కోపం ఆ రోజు పుట్టింది కాదు, కానీ ఆ రోజు నుంచి అది చల్లారలేదు. పోట్లాడటానికి మనిషి లేడు, క్షమించమని అడిగేవాడూ లేడు. నా దగ్గర నేర్చుకునే ప్రతి పిల్లకీ, గోడకి తువ్వాలు పెట్టే ముందు, ఆమె పేరు చెబుతాను. చర్చిలో కలిసిన వాళ్ళకి చెబుతాను, వద్దన్నా చెబుతాను. అతనికి ఆ రోజు సమాధుల తోటలో, అందరూ తిరిగి చూసేటట్టు అరిచి చెప్పిన మాటే చెబుతాను. ఆమెకి వచ్చు. నేను విన్నాను.