పుర్రచేతి గిటారు, నా లెఫ్టు సిద్ధాంతం

ఆ రోజుల్లో మనిషికి నలుగురి తోడు దొరకాలంటే డబ్బో అందమో ఉండక్కర్లేదు, రాజకీయం మాట్లాడటం వస్తే చాలు. నాకు అదీ రాదు. అద్దంకిలో పత్తి జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తాగా చేరిన కొత్తల్లో నాతో రోజూ మాట్లాడింది ఆ కాటా ఒక్కటే, అదీ ముల్లు భాషలో. ఊరుకాని ఊరు, మేడమీద ఒంటిగది, మెస్సులో గోడకేసి చూస్తూ భోజనం. ఆదివారం పూట మెట్లమీద చప్పుడైతే గబగబా లేచి చొక్కా తొడుక్కునేవాణ్ణి. వచ్చినవాళ్ళు పక్కవాటాలోకి వెళ్ళిపోయేవాళ్ళు. (చొక్కా మాత్రం విప్పేవాణ్ణి కాదు, మళ్ళీ ఎవరైనా రావచ్చు గదా!)

అలాంటి ఒక ఆదివారం నిజంగా నా గదికే వచ్చినవాడు పుర్రచెయ్యి. మిషను స్కూలు మాస్టారి అబ్బాయి, మా మిల్లులోనే మోటార్లు బాగుచేసేవాడు. అన్ని పనులూ ఎడమచేత్తోనే చేస్తాడు గనక ఊరంతా వాడికి అదే పేరు. భుజాన గిటారు. "ఒరేయ్ గుమాస్తా, ఇంట్లో వాయిస్తుంటే మా నాన్న పరీక్ష పేపర్లు విసిరికొడుతున్నాడు. నీ గదిలో వాయించుకోనా?" అన్నాడు. "వాయించుకోవడమేంట్రా, కాపురమే పెట్టు" అన్నాను. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం నా చొక్కాకి సార్థకత కలిగింది.

అప్పట్లో ఊళ్ళో రెండు బ్యాండ్లుండేవి. చర్చి వీధి కుర్రాళ్ళతో మావాడి బ్యాండు ఒకటి, బజారు కుర్రాళ్ళది ఇంకొకటి. గిటార్లు, డ్రమ్ములు, మనిషెత్తు స్పీకర్లు. పెళ్ళి పందిళ్ళలోనూ కాలేజీ ఫంక్షన్లలోనూ ఒకరిమీద ఒకరు పోటీపడి వాయించేవాళ్ళు. "మాది రాక్ సంగీతం" అని రెండు బ్యాండ్లవాళ్ళూ అనేవాళ్ళు. "రాక్ కాదు, రాక్షసం" అనేవాడు మా మిల్లు మేస్త్రి.

పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. టీకొట్టు బెంచీమీద రెండు పార్టీల మనుషులూ గొంతులు చించుకుంటుంటే నేనొక మూల నిలబడి టీ తాగుతున్నాను. ఎవరో మాట మార్చి, "ఇంతకీ ఆ రెండు బ్యాండ్లలో ఏది బాగుందంటారు?" అన్నారు. ఏం పూనిందో, "బాగోగుల సంగతి కాదండీ, వాటిల్లోనూ పార్టీలున్నాయి" అనేశాను. అందరి తలలూ నా వైపు తిరిగాయి. తలలు అలా తిరగడం నా జన్మలో అదే మొదలు. ఇక ఆగితే ఒట్టు. "చర్చి వీధి బ్యాండు చూడండి. గిటారు వాయించేవాడిది ఎడంచెయ్యి, అంటే లెఫ్టు. ఎడంచేతి గిటారు దొరక్క కుడిచేతి గిటారునే తలకిందులుగా పట్టుకుంటాడు. ఉన్న వ్యవస్థని తలకిందులు చెయ్యడమంటే మరేమిటి? పైగా పాట అందరూ కలిసి పాడతారు. బజారు బ్యాండులో ఒక్కడు ముందు నిలబడి పాడతాడు, మిగతావాళ్ళు వెనక తలలూపుతారు. అది పెత్తందారీతనం." "మరి డ్రమ్ములవాడో?" అన్నాడొకాయన. "రెండు చేతులా వాయిస్తాడు గదండీ, గోడమీద పిల్లి!" అన్నాను. వినడానికి రెండొందల మంది మూగారు. (సరే, ఇరవై. ఈ వయసులో నాకు అబద్ధమెందుకు, ఏడుగురు. అందులో ఒకడు గ్లాసులు కడిగేవాడు.)

మర్నాటి నుంచి బెంచీమీద జరిగి చోటిచ్చారు. "రావయ్యా గుమాస్తా, ఇవాళేం కనిపెట్టావ్?" ఆ పిలుపు కోసం మిల్లులో కూర్చుని కొత్త ముక్కలు అల్లుకునేవాణ్ణి. పుర్రచెయ్యికి చెబితే వాడూ పొట్టచెక్కలయ్యేలా నవ్వి, "ఓరి నీ లెఫ్టు తగలెయ్యా!" అన్నాడు.

నా సిద్ధాంతం నడిచి నడిచి పంచాయతీ ప్రెసిడెంటు గారింటికి చేరింది. ఆ ఏడు ఆయన మిరపకోతలకి రాకుండా కూలీలు లెఫ్టు పార్టీ జెండాకింద సమ్మెకట్టి ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టివున్నారు. లెఫ్టు అన్న మాట వింటేనే ఆయనకి కారం రాసినట్టుండేది. కూతురి పెళ్ళికి మాట్లాడుకున్న చర్చి వీధి బ్యాండుని వద్దన్నాడు. ఆయన్ని చూసి ఇంకో రెండిళ్ళవాళ్ళూ వద్దన్నారు. ఆ ఆదివారం పుర్రచెయ్యి వచ్చాడు గానీ గిటారు సంచిలోంచి తియ్యలేదు. "మావాళ్ళు నన్ను బ్యాండులోంచి తప్పుకోమంటున్నార్రా. నువ్వెళ్ళి, సరదాకన్నానండీ అని ప్రెసిడెంటు గారితో ఒక్కమాట చెప్పు" అన్నాడు. "అదెంత పని, రేపే వెళ్తా" అన్నాను.

వెళ్ళాను. ఆయన హాల్లో నిలబడి, చేతి వాటానికీ పార్టీకీ సంబంధం లేదని గంటసేపు వాదించాను. ఆయన మాత్రం వినలేదు.

(తెలిసినవాళ్ళకి ఇన్నేళ్ళూ ఇలాగే చెబుతూ వచ్చాను. హాలు లేదు, గంట లేదు. గేటుదాకా వెళ్ళాను. వరండాలో ప్రెసిడెంటు గారి చుట్టూ మా టీకొట్టు బెంచీవాళ్ళే కూర్చుని ఉన్నారు. అదంతా ఉత్తదేనని వాళ్ళముందు ఒప్పుకుంటే రేపట్నుంచి మళ్ళీ ఆ మూలే. వెనక్కి తిరిగాను. "చెప్పాన్రా, వినలేదు" అన్నాను వాడితో. వాడు నా మొహంలోకి కాసేపు చూసి, "సర్లే" అన్నాడు.)

పై నెలలో వాడు హైదరాబాదులో పని చూసుకున్నాడు. బస్టాండుకి నేనూ వెళ్ళాను. నిజం చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకుంటుండగా కండక్టరు తలుపు చరిచి "రైట్ రైట్!" అన్నాడు. వాడు కిటికీలోంచి తల బయటపెట్టి, "విన్నావా? బస్సు కూడా మీ ప్రెసిడెంటు పార్టీయేరా!" అని అరిచాడు. స్టాండంతా నవ్వింది. నేనూ నవ్వుతూనే ఉన్నాను, బస్సు మలుపు తిరిగిపోయేదాకా. ఆ తర్వాత వాడు కనిపించలేదు. కొన్నాళ్ళకి టీకొట్టువాళ్ళకి నా సిద్ధాంతం పాతబడింది.

ఇప్పటికీ ఒంగోలు బస్సులో "రైట్ రైట్" వినపడితే నాకు నవ్వొస్తుంది. పక్కసీటులో కుర్రాళ్ళు "ఏంటి తాతా?" అంటారు. అడిగిందే చాలని మొదలుపెడతాను. వాళ్ళకి చెప్పేటప్పుడు నేను గేటు తోసుకుని లోపలికే వెళ్తాను. ప్రెసిడెంటు గారు నా మాట వింటారు. మావాడు గిటారు భుజానేసుకుని బస్సు దిగిపోతాడు. ఇంతలో వాళ్ళు దిగాల్సిన స్టాపు వచ్చేస్తుంది.