మైపాడు సమాధానం, మందపాటి పిక్కు

మైపాడులో వలలు బాగుచేసే సమాధానం అనే అతను గిటారు వాయిస్తే, పది మైళ్ళ అవతల వేటలో ఉన్న పడవలు తుఫాను హెచ్చరిక అనుకుని వెనక్కి తిరిగేవట. ఇది సమాధానమే చెప్పిన మాట. మొదటిసారి చెప్పినప్పుడు రెండు పడవలు తిరిగాయి. మరుసటేడు పదకొండు. ఈ మధ్య ఒక ఓడ కూడా తిరిగింది.

పదో తరగతి సగంలో బడి మానేశాక అతను చదివిన చదువంతా వలదారం దగ్గరే. కానాగంతలకు సన్నదారం, వంజరానికి లావుదారం. దారం లావయ్యేకొద్దీ చేప పెద్దది. ఆ లెక్కనే తీసుకొచ్చి గిటారు మీద పెట్టాడు. తీగలు మీటే పిక్కు ఎంత మందంగా ఉంటే పాట అంత గొప్పగా ఉంటుందని తీర్మానించి, వలలు అల్లే, బద్దలాంటి ప్లాస్టిక్ వలసూది విరిగితే దాని మొదలు కోసి, గచ్చు మీద అరగదీసి, మూడు మిల్లీమీటర్ల పిక్కు తయారుచేశాడు. కొట్లో అమ్మే పిక్కులంటే అతనికి నవ్వు.

"అవి చేప పొలుసులబ్బా! వాటితో వాయిస్తే దోమ కూడా లెయ్యదు" అనేవాడు.

ఆ వలసూది ముక్కతోనే పదకొండేళ్ళుగా చర్చిలో వాయిస్తున్నాడు. పాటల జట్టు పక్కన, కిటికీ దగ్గరి కుర్చీ అతనిది. పాస్టరుగారు కూడా ఆ కుర్చీలో కూర్చోవడానికి సందేహిస్తారు. కోత పండుగకు నాలుగు రోజుల ముందు ఆ కుర్చీకే ముప్పు వచ్చింది. జట్టు పెద్ద ఎస్తేరమ్మ ఇంటికొచ్చి మరీ చెప్పింది.

"ఒరే సమాధానం, ఆదివారం అబిగయీలు ఒంటిగా పాడతాది. దానిది సన్న గొంతు. నీ మోతలో ఆ బిడ్డ నోరు కదిలేది కనపడతా ఉంది గానీ, మాట ఇనపళ్ళా."

"నా తప్పేముందత్తా? ఆ పిల్లనే కాస్త గట్టిగా పాడమను."

"శనివారం ప్రాక్టీసులో మాట ఇనపడాల. ల్యాకపోతే సుశీల్ కుమార్ నెల్లూరు నించి కీబోర్డు తెస్తానన్నాడు. నీ కుర్చీ ఆయనకేస్తాం."

సమాధానానికి ఆ పూట చేపలపులుసు కూడా చప్పగా అనిపించింది. అదే పిక్కుతో మెల్లగా వాయించి చూశాడు. అది వంగదు కదా. పై లావు తీగలను దబ్బుమని గుద్ది, కింది సన్నతీగకు అడ్డంపడి దాన్ని తెంపేసింది. కొత్త తీగ కట్టి, ఉత్త బొటనవేలితో మీటాడు. దుప్పటి కింద డప్పు కొట్టినట్టుంది.

ఇంటి ముందు దోసెలు పోసి అమ్మే అతని భార్య ఉష, పెనం దగ్గర నుంచే అంతా వింటోంది.

"ఏందయ్యా, తీగల మీద పగబట్టినావా? గరిటె కాడతో దోసె తిప్పితే ఏమవతాది? చిరిగిపోద్ది. అట్లకాడ పల్చగా ఉంటాది గాబట్టి కాస్త వంగి, కిందికి దూరి, మెల్లంగా లేపతాది. నీ బిళ్ళ వంగతాదా?"

"దోసెలకీ సంగీతానికీ ఏం సంబంధంమే?"

"ఏమీ ల్యా. నా దోసెలకి జనం వస్తారు, అంతే."

ఆమె అటు తిరగ్గానే అతను పెరుగు డబ్బా మూత కడిగి, కత్తిరించి, వాయించాడు. తీగలు గలగలలాడాయి. కానీ వాటికన్నా ఆ మూత ముక్క టపటపే ఎక్కువ. రేకు మీద ఎండ్రకాయ పరిగెత్తినట్టుంది. దానికన్నా మందమైన నూనె డబ్బా ముక్కతో ప్రయత్నిస్తే మళ్ళీ పాత మోతే. అంటే కావలసిన మందం ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది. దారం పట్టుకుని కళ్ళు మూసుకునే దాని సైజు చెప్పే వేళ్ళు అతనివి. ఇల్లంతా తడిమాడు. ఆ వేళ్ళకు నచ్చిన మందం ఒకే ఒక్క వస్తువుకుంది.

అది మత్స్యకారుల ప్లాస్టిక్ గుర్తింపు కార్డు. సమాధానం పనిని గుర్తించి, ఫొటోతో సర్కారు ఇచ్చిన ఏకైక ధ్రువపత్రం. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళకన్నా ముందు దాన్నే చూపిస్తాడు. ఒక పూటంతా దాన్ని చేతిలో పెట్టుకుని కూర్చుని, చివరికి కత్తెర తీశాడు.

"ఆ కార్డు మళ్ళీ ఇయ్యరయ్యా!" ఉష గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"నా మొహం తెగకుండా కోస్తాలేమే."

మొహం తెగలేదు గానీ, పిక్కు మీదికి కుడి చెవి వచ్చేసింది.

శనివారం ప్రాక్టీసులో ఆ చెవి ఒక్కో తీగ దగ్గర కాస్త వంగి, దాటి, మళ్ళీ నిటారుగా నిలబడింది. లావు తీగల గుబగుబ తగ్గింది. సన్నతీగలు తేటగా మోగాయి, టపటప లేదు. వాటి మీద అబిగయీలు మాటలు ఒక్కొక్కటీ తేలి వచ్చాయి. ఆ పాటకు రెండో చరణం ఉందని సమాధానానికి తెలిసిందే ఆ రోజు. ఎస్తేరమ్మ కళ్ళు మూసుకుని చివరిదాకా విని, కళ్ళజోడు తుడుచుకుంది.

"సుశీల్ కుమార్‌ని రావద్దని ఫోన్ చెయ్ బిడ్డా" అంది అబిగయీలుతో.

ఆదివారం పాట అయ్యేసరికి సగం చర్చి కొంగులతో కళ్ళొత్తుకుంటోంది. జనమంతా అబిగయీలు చుట్టూ మూగారు. సమాధానం గిటారు భుజానికి బాగా కనపడేటట్టు తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ ఆగలేదు. ఇక పట్టలేక, ఎదురింటి మస్తానమ్మను తనే ఆపాడు.

"గిటారు ఎట్టుందక్కా?"

"గిటారా? నువ్వు ఈ రోజు రాలేదనుకున్యా. పాట మాత్రం బో బాగుండిందబ్బయా!"

అతని మొహం ఎండుచేపయింది. అయితే ఎంతసేపు? పొద్దు వాలకముందే రేవులో వలల మధ్య కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్తున్నాడు:

"ఎవడైనా వాయిస్తే ఇనపడతాదబ్బా, అదేం గొప్ప? మూడొందల మంది కూర్చోనుంటే ఒక్కరికీ ఇనపడకుండా వాయించినా! పక్కన నిలబడి పాడిన పిల్లకే ఇనపళ్ళా. ఈ జిల్లాలో ఇంకొకణ్ణి చూపించండి, చూస్తా."