ట్యాంకు ముక్కు మీద బొట్టు

ఇంకాస్త ఆలస్యమై ఉంటే మా మేనకోడలు తాండూరు-వికారాబాద్ రోడ్డు మీద, కంది చేల పక్కన, ఒక నల్ల కారు వెనక సీట్లో పుట్టి ఉండేది. అసలు పుట్టేదో లేదో కూడా చెప్పలేను. దానికి కారణం దేవుడూ కాదు, గుంతల రోడ్డూ కాదు. ఈ కథ చెబుతున్న పెద్దమనిషే. మీరు నిక్షేపంగా నవ్వుకోండి. నాకు మాత్రం ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు రాదు.

పోలీస్ యాక్షన్ అయిన కొన్నేళ్లకు ఒక జాగీర్దారు గారి కుటుంబం సామానంతా అమ్ముకుంటుంటే, తాండూరులో కందిపప్పు వ్యాపారం చేసే మా నాయన వాళ్ల కారు కొన్నాడు. గుండ్రటి బుగ్గలు, పెద్ద పెద్ద లైట్లు, ఎప్పుడూ ఏదో విని ఆశ్చర్యపోయినట్టుండేది దాని మొహం. నాయనకు నడపడం రాదు. నాకు వచ్చు. హైదరాబాదులో మెట్రిక్ చదివే రోజుల్లో మోటారు షెడ్ల ముందు నిలబడి నేర్చుకున్న విద్య. నిలబడి చూస్తే ఎంత విద్య వస్తుందో మీరే ఊహించుకోండి.

ఆ కారుకు ఒక జబ్బుండేది. పెట్రోలు ట్యాంకు మూతకు గాలి కోసం పెట్టిన రంధ్రం అరిగి అరిగి పెద్దదైంది. గుంత వచ్చినప్పుడల్లా పెట్రోలు చిందేది. ఆ వాసనకు అమ్మకు కడుపులో తిప్పేది.

"గిది కారా, గాసునూనె దుకాణమా?" అని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది.

సరే, నా ప్రతాపం చూపిద్దామని హైదరాబాదు నుంచి ఇత్తడి వాల్వు ఒకటి తెచ్చాను. చొక్కా గుండీ అంత ఉంటుంది. నడుమ సూది దూరేంత బెజ్జం. గాలి లోపలికి పోతుంది, పెట్రోలు బయటికి చిందదు. దాన్ని మూతకు బిగించి, ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను.

"పెట్రోలు తగ్గినకొద్ది ట్యాంకులకు గాలి పోవాలె. పోకుంటే పెట్రోలు ఇంజనుకు రాదు, బండి ఆగిపోతది. ట్యాంకు గూడ మన తీర్గనే ఊపిరి తీస్కుంటది. గీ వాల్వు దాని ముక్కు!"

"మస్తు చెప్పినవురా," అని మా సావిత్రక్క నవ్వింది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అక్కకు అప్పటికి నెలలు నిండాయి.

ఆ వారంలోనే దసరా వచ్చింది. మా వ్యాపారుల ఇళ్లలో దసరా నాడు బొట్టు లేని వస్తువు ఉండకూడదు. పప్పు తూచే తరాజుకు బొట్టు, ఇనుప పెట్టెకు బొట్టు, తాళంచెవుల గుత్తికి బొట్టు. కారు పూజ నా వంతు. చక్రాలకు పెట్టాను, లైట్లకు పెట్టాను, హారన్‌కు పెట్టాను. నా ముద్దుల వాల్వుకు మాత్రం అన్నింటి కన్నా పెద్ద బొట్టు! గంధం, పసుపు చిక్కగా కలిపి దిట్టంగా అద్ది, పైన కుంకుమ పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి మురిసిపోయాను.

అవును, మీరు అనుకుంటున్నదే. మీకు ఇట్టే తెలిసిపోయింది. నాకు దారి పొడవునా తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి మొహం మాడ్చుకుంది. "బిడ్డ అడ్డం తిరిగినట్టున్నది. నాతోని కాదు. వికారాబాద్ దవాఖానకు తీస్కపోండ్రి, జల్ది!"

"రైలు వచ్చే యాళ్లయింది, రైలుకు పోదాం," అన్నాడు నాయన.

"ఇంట్ల కారు పెట్టుకొని రైలెందుకు నాయనా? రైలు కన్న ముందుగాల నేను దింపుత. కొత్త వాల్వు గూడ ఏసిన!"

ఆ మాట అన్న నోటిని ఏం చేసినా పాపం లేదు.

నాయన నా పక్కన, అమ్మా అక్కా వెనక. అమ్మ కాళ్ల దగ్గర దసరాకు మిగిలిన కొబ్బరికాయల సంచి. ఊరు దాటాం. కారు హాయిగా పోతోంది. నేను ఈల వేయబోయేంతలో కారు దగ్గింది, గుర్రుమంది, ఆగిపోయింది.

"ఏమైందిరా?"

"ఏం లేదు నాయనా, ఫికర్ చెయ్యకు."

బానెట్ ఎత్తి ప్లగ్గులు తుడిచాను. పెట్రోలు ముల్లు జాగీర్దారు కాలంలోనే చచ్చింది కాబట్టి ట్యాంకు మూత తీసి వేపపుల్ల ముంచి చూశాను. మూత తీయగానే లోపల సుయ్యిమంది.

"అమ్మో! ఏదో బుస కొట్టింది!" అని అమ్మ దిగి చక్రం ముందు కొబ్బరికాయ కొట్టింది. మూత మళ్లీ బిగించి, బండి ముందు హ్యాండిల్ దూర్చి తిప్పాను. బండి కదిలింది.

"చూసిన్రా దేవుని మహిమ!" అంది అమ్మ.

"ప్లగ్గు తుడిచిన గద, అందుకే," అన్నాను నేను.

కొంత దూరం పోయాక మళ్లీ ఆగింది. మళ్లీ ప్లగ్గులు, మళ్లీ పుల్ల, మళ్లీ బుస, మళ్లీ కొబ్బరికాయ. ఈసారి నాయన కూడా ఒక తోపు తోశాడు. కదిలింది. ఆ ఘనత నాయన తీసుకున్నాడు.

"తమ్ముడూ, ఇంకెంత దూరంరా?" అంది అక్క, పెదవి కొరుక్కుంటూ.

"వచ్చినమక్కా, గదిగో!" అన్నాను. గదిగో అన్న చోట కంది చేను తప్ప ఏమీ లేదు.

ధారూరు దగ్గర పడుతుండగా మూడోసారి ఆగింది. సరిగ్గా అప్పుడే పక్కన పట్టాల మీద మేం ఎక్కాల్సిన రైలు కూత పెట్టుకుంటూ వికారాబాద్ వైపు పోయింది. కిటికీలోంచి ఎవరో మాకు చెయ్యి కూడా ఊపారు. నాయన నన్ను చూసిన చూపుకు ట్యాంకు అంటుకోకపోవడం మా అదృష్టం.

నేను వేపపుల్ల అందుకున్నాను.

"మల్ల ఏం చూస్తవురా? సగానికి పైన ఉన్నదని ఇప్పుడే చూసినవు గద! టైం ఖరాబు చెయ్యకు!" అని కసిరాడు నాయన.

పుల్ల కింద పడేశాను. ప్లగ్గులు తుడిచాను. తీగలు కదిపాను. భుజాలు పడిపోయేదాకా హ్యాండిల్ తిప్పాను. నాయన తోశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సంచిలో కాయలన్నీ అయిపోయాయి. అమ్మ దూరంగా కనిపిస్తున్న అనంతగిరి గుట్టలకు దండం పెట్టింది.

"పద్మనాభస్వామీ! నా బిడ్డ గండం గట్టెక్కితే గీ కారు నీకే ఇచ్చుకుంట!"

"గుట్ట మీదికి ఎవడు తోస్తడే దీన్ని?" అన్నాడు నాయన రొప్పుతూ.

అక్క కేక పెట్టింది. నన్ను చంకనెత్తుకొని తిప్పిన అక్క. నా గొప్పల కోసం ఈ ఎండలో, ఈ రోడ్డు మీద ఆమెను చంపుకుంటున్నానా అని ఏడుపు తన్నుకొచ్చింది. హ్యాండిల్ పట్టుకొని అలాగే ఏడ్చాను.

"ఒరేయ్ నర్సింలూ!" వెనక సీట్లోంచి అక్క గొంతు. "ఏడ్చుడు బందు పెట్టి మూత తియ్యి!"

"పెట్రోలు ఉన్నదక్కా..."

"ఉంటే ఉండనీ! మూత తీసినప్పుడల్లా బుస కొట్టింది. బుస కొట్టినప్పుడల్లా బండి నడిచింది. గీసారి తియ్యలే, నడుస్తలేదు. తియ్యి!"

తీశాను. సుయ్యిమంది. హ్యాండిల్ తిప్పానో లేదో బండి గర్జించింది.

"మల్ల పెట్టకు! గా మూత అమ్మ ఒళ్లె పెట్టు!"

అలా మూత అమ్మ ఒడిలో, ప్రాణాలు మా అరచేతుల్లో, పెట్రోలు చిందించుకుంటూ పోయాం. నాయన పరేషాన్‌లో బీడీ నోట్లో పెట్టుకుంటే మళ్లీ అక్కే అరిచింది. "నాయనా! అందరం ఒక్కపారే పోదామా?"

దవాఖానలో అక్కను లోపలికి తీసుకుపోయారు. అమ్మ మూత నా చేతికిచ్చి తలుపు దగ్గర కూలబడింది. ఏం తోచక మూత వైపు చూశాను. వాల్వు కనిపించలేదు. దాని మీద నా బొట్టు ఎండి, గచ్చులా గట్టిపడి, చీమ కూడా దూరకుండా కూర్చుంది. గుట్టుగా గోటితో గీకుతుంటే వెనక నాయన గొంతు వినిపించింది.

"గా బొట్టు ఎవలు పెట్టిన్రు?"

"...నేనే నాయనా."

"గది ట్యాంకు ముక్కు అన్నవు గద?"

"అవు."

"ముక్కు మీద పెడతర్రా బొట్టు?"

లోపలి నుంచి కేక వినిపించినప్పుడల్లా నాయన తువ్వాలు మెలిపెడుతున్నాడు, నేను మూత మెలిపెడుతున్నాను. ఎంతసేపో తెలియదు. చివరికి సన్నగా, కోపంగా ఒక ఏడుపు వినిపించింది.

నర్సమ్మ బయటికి వచ్చింది. "ఆడపిల్ల. తల్లీ పిల్లా మంచిగున్నరు. ఇంక జరంత ఆల్స్యమైతే మా చేతుల ఉండకపోవు."

నాయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. నేను సిగ్గు విడిచి ఏడ్చాను.

లోపలికి పోయాం. నాయన అమ్మకు ముందుగా చెప్పింది ట్యాంకు ముక్కు మీది బొట్టు సంగతే. అక్క కళ్లు మూసుకుని ఉంది. పక్కన గుడ్డలో చిట్టి మొహం. అమ్మ సంబరంగా కాటుక తీసి నా ముందు పట్టింది. "మేనమామవు. దిష్టి తగలకుంట నీ చేత్తోని ఒక చుక్క పెట్టురా."

వేలు చాచాను. కళ్లు తెరిచే ఓపిక కూడా లేదనుకున్న అక్క మంచం మీద సగం లేచింది.

"వద్దే అమ్మా! వాని చేతికి కాటుక ఇయ్యకు! ముందుగాల పిల్ల ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టు!"

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఆ రోజు మొదలు నాది ఒకటే ప్రతిజ్ఞ. ఊపిరి పీల్చేది మనిషైనా సరే, మోటారైనా సరే, దానికి ఈ జన్మలో నా చేత్తో బొట్టు పెట్టను. ఒక్క నా పెళ్లిలో మాత్రం పంతులు వదల్లేదు, పెట్టక తప్పింది కాదు. అది కూడా పెళ్లికూతురి ముక్కు ఎక్కడుందో బాగా చూసుకున్నాకే పెట్టాను.