మార్చురీ బయట మాటల మాస్టారు

వారమంతా కాలేజీలో ఎలా మాట్లాడాలో నేర్పి, ఆదివారం చర్చిలో తానే మాట్లాడే పాస్టరు గారిని ఊళ్లో అందరూ మాటల మాస్టారనేవారు. నోరు విప్పేముందు కళ్లజోడు తీసి, మనసులో మూడు దాకా లెక్కపెట్టి, తల కాస్త వాల్చడం ఆయన అలవాటు. పెళ్లయినా, చావయినా, ఆఖరికి పెళ్లాంతో పోట్లాటయినా అంతే. ఒకప్పటి శిష్యురాలి తొమ్మిదేళ్ల కూతురు పోయిన రోజున, మార్చురీ బయట బల్ల మీద ఆమె పక్కన కూర్చుని కూడా అలాగే చేశాడు.

“ఇల్లు ఖాళీ అయిపోయింది సార్,” అందామె.

“ఇల్లంతా ఖాళీ అయిపోయినట్టుందమ్మా నీకు,” అన్నాడు మెత్తగా.

ఆమె ఏడుపు ఆపి ఆయన వైపు చూసింది. “ఓదార్చేటప్పుడు ఎదుటివాళ్ల మాటే తిరిగి వాళ్లకి చెప్పాలని క్లాసులో నేర్పారు కదా సార్. పరీక్షలో కూడా రాశాను. ఇంకేమైనా ఉంటే చెప్పండి.”

ముప్ఫయ్యేళ్లుగా చావు ఇళ్లలో చెప్పిన ఓదార్పులన్నీ ఆయన నాలుక మీదికి వచ్చాయి. ఒక్కటీ పలకడానికి మొహం చెల్లలేదు. పోనీ దేవుణ్ణే అడుగుదామని కళ్లు మూసుకుంటే అక్కడా తన గొంతే వినిపించింది.

“నా దగ్గర ఇంకేమీ లేదమ్మా.”

“సరే. పాప లోపలుంది. ఒక్కదాన్నే వెళ్లలేను, మీరూ రండి.”

ఆయన కళ్లజోడు తిరిగి పెట్టుకుని బల్ల అంచు పట్టుకున్నాడు. ఆమే చెయ్యి పట్టుకుని లేపింది.