తెలకపల్లి గెలుస్తదని రాసిన శుక్రవారం

"గదే అంటున్న మహేశూ. ఆదివారం ఫుట్‌బాల్ రెండూ నేను రాసినట్లే అయినయా లేదా? గద్వాల గెలుస్తదన్న, గెలిచింది. నాగర్‌కర్నూలోళ్లు రెండో సగంల అలసిపోతరన్న, అలసిపోయిన్రు. గవి ఒక్కని నోట్లకెళ్ళన్న వస్తున్నయా?"

నిన్న సాయంత్రం షట్టర్ దించుతున్నప్పుడు ఎక్కడ ఆపాడో, రామస్వామి ఈ పొద్దున సరిగ్గా అక్కడే అందుకున్నాడు. మధ్యలో ఒక రాత్రి గడిచిందన్న సంగతి ఆయనకు పట్టనే లేదు. మహేశ్వర్ అగరుబత్తి వెలిగించి, ఎవరిదో ఆధార్ కార్డును జిరాక్స్ మిషను గాజు మీద బోర్లా పెట్టి, ఊఁ కొడుతున్నాడు. సోమవారం నుంచి అతనికి ఇదే పని.

దుకాణం బయట గోడకు ఒక తెల్లబోర్డు ఉంది. దాని మీద పోయిన శుక్రవారం రాసిన జోస్యం ఇంకా అలాగే ఉంది. పక్కన ఎవరో ఎర్ర మార్కరుతో ఇంత లావు పల్లికాయ బొమ్మ వేశారు. కింద 'తిన్నది అరిగిందా స్వామీ' అని రాశారు. మహేశ్వర్ తుడిచేస్తానంటే రామస్వామే వద్దన్నాడు. ఉండనీ, రాసినోడు వచ్చి చూసుకుంటాడు, అప్పుడు పట్టుకుంటానన్నాడు. నాలుగు రోజులైంది, ఎవడూ రాలేదు.

ఆ బోర్డు కథ చెప్పాలి. రామస్వామి గద్వాలలో మగ్గం నేసే మనిషి. అరవై దాటాయి. పదో తరగతి దాకా చదివాడు. బడి జట్టులో గోల్‌కీపరు. బంతి అవతలి సగంలో ఉన్నంతసేపూ గోల్‌కీపరు చేసేదేముంది, నిలబడి చూడడమే. ఎవడు ఎటు పరుగెత్తుతాడు, ఎవడికి ఆయాసం ముందొస్తుంది, ఎవడు తిట్టు పడితే ఆట మర్చిపోతాడు, ఇవన్నీ ఆయనకు అప్పుడే కంటికి అలవాటైపోయాయి. తర్వాత గుంట మగ్గంలో కాళ్లు పెట్టాడు కానీ చూపు మాత్రం మైదానంలోనే ఉండిపోయింది. పదమూడేళ్ల కింద చాయ్ హోటల్ దగ్గర నోటితో చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు నిజమయ్యేసరికి, ఇట్ల కాదు కాకా, రాసి పెడదామని మహేశ్వర్ బోర్డు కొన్నాడు. ఇప్పుడు ప్రతి శుక్రవారం రామస్వామి చెబుతాడు, మహేశ్వర్ రాస్తాడు, ఫోటో తీసి మూడు జిల్లాల ఆటల గ్రూపులో పెడతాడు. శనివారం ఆడపిల్లల రగ్బీ, ఆదివారం మగపిల్లల ఫుట్‌బాల్. రగ్బీని గద్వాలలో చాలామంది ఇంకా కోడిగుడ్డు బంతి ఆట అనే అంటారు. అంటే అన్నారు గానీ జోస్యం మాత్రం చదువుతారు.

రామస్వామికి రెండు పట్టింపులున్నాయి. సమానంగా ముగుస్తుందని ఎప్పుడూ రాయించడు. అది చెప్పకుండా తప్పించుకోవడమని ఆయన మతం. రెండోది, ఎవరు గెలుస్తారో చెప్పాక, ఎందుకో ఒక్క ముక్కలో కారణం రాయించాల్సిందే. కారణం లేని జోస్యం చిలక కూడా చెబుతుంది కదా.

కారణం ఎక్కడ దొరుకుతుందంటే, గద్వాల చీరలో దొరికినట్లే. ఒళ్లు నూలు, అంచు పట్టు. తెలియనివాళ్లు పట్టు మెరుపు చూసి మురిసిపోతారు. రామస్వామి మాత్రం నూలూ పట్టూ కలిసే చోట వేలు పెట్టి మెల్లగా లాగి చూస్తాడు. చిరిగితే అక్కడే చిరుగుతుంది. జట్టునూ అట్లాగే చూస్తాడు. మంచి ఆటగత్తె ఎవరని చూడడు. ఆమెకూ పక్కనున్న పిల్లకూ మధ్య ఎంత ఖాళీ వస్తోందని చూస్తాడు. దానికోసమే గురువారం మగ్గం ఆపి బస్సెక్కుతాడు. ఒక వారం గోపాల్‌పేట, ఒక వారం పాన్‌గల్, ఒక వారం తెలకపల్లి. పిల్లల ప్రాక్టీసు చూసి చీకటి పడకముందే ఇంటికొస్తాడు.

పోయిన వారం తెలకపల్లి వంతు. అసలు గొడవంతా అక్కడ మొదలైంది.

తెలకపల్లి జట్టుకు భార్గవి ప్రాణం. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. వాళ్ల నాన్న కౌలుకు తీసుకున్న చేనులో పల్లీ వేస్తాడు. ఏడుగురు ఆడే ఆటలో ఈ పిల్ల ఒక్కతే ఇద్దరి పని చేస్తుంది. ఆ రోజు ప్రాక్టీసుకు ముందు భార్గవి తన జడ తాను వేసుకోలేదు. ఇంకో పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని వేయించుకుంది. చూసేవాళ్లకు అదేం పెద్ద విషయం కాదు. రామస్వామి మాత్రం కళ్లు చిట్లించాడు. తర్వాత బంతిని ఎడమ చేత్తోనే అందుకోవడం, కుడి చేతిని పక్కటెముకలకు ఆనించి పెట్టుకోవడం చూశాడు. ఆట ఆగినప్పుడు పిలిచి అడిగాడు. మొదట ఏం లేదంది. చెయ్యి పైకెత్తి చూపమ్మా అన్నాడు. చెవి దాకా లేవలేదు.

వారం కింద పడ్డప్పుడు భుజం జారి, తనంతట తానే ఎక్కిందట. అమ్మకు చెప్పలేదు, కోచ్ వసంత మేడంకు చెప్పలేదు. చెబితే కూర్చోబెడతారు. లీగ్ చివరి శనివారం రాష్ట్ర జట్టు క్యాంపుకు పిల్లల్ని ఎంచేవాళ్లు వస్తున్నారు.

"తాతా, నీ కాళ్లు మొక్కుత. ఎవ్వలకు చెప్పకు. బోర్డు మీదైతే అస్సలు రాయకు. అవతలి పిల్లలు ఇదే భుజం మీదికొస్తరు."

రామస్వామి చెప్పనన్నాడు. ఆ పిల్ల మొహం విచ్చుకుంది. ఇంటి నుంచి తెచ్చిన ఉడకబెట్టిన పల్లీలు కాగితంలో పోసిచ్చింది. అక్కడే గట్టు మీద కూర్చుని తింటుంటే ఎవరో ఫోటో తీశారు.

శుక్రవారం బోర్డు ముందు నిలబడేసరికి ఇరకాటంలో పడ్డాడు. పాన్‌గల్ గెలుస్తుందని ఆయనకు అరచేతిలో కనబడుతోంది. అది చెబితే కారణం చెప్పాలి. ఇంకో కారణం అల్లుదామంటే, తెలకపల్లి ఎందుకు ఓడుతుందని గ్రూపులో వందమంది తవ్వుతారు. అందుకని పదమూడేళ్లలో మొదటిసారి తనకు తెలిసినదానికి ఎదురు రాయించాడు. 'తెలకపల్లి గెలుస్తుంది. కారణం, భార్గవి.'

శనివారం పాన్‌గల్ ఇరవై తొమ్మిది, తెలకపల్లి అయిదు. భార్గవి బంతిని నాలుగుసార్లు జారవిడిచింది.

ఇక గ్రూపులో మొదలైంది. పల్లీల ఫోటో ఎక్కడినుంచో వచ్చింది. రామస్వామి తిని రాశాడన్నారు. తెలకపల్లిలో ఆయనకు చుట్టరికం ఉందని ఒకడు కనిపెట్టాడు. అది కూడా ఓర్చుకునేవాడేమో. 'కారణం, భార్గవి. నిజమే, ఓడడానికి' అని ఒకడు పెడితే నవ్వు బొమ్మలు వరస కట్టాయి. పదిహేడేళ్ల పిల్లను పట్టుకుని పెద్దవాళ్లు, మీసాలున్నవాళ్లు, పిల్లల తండ్రులు నవ్వుతున్నారు. చేతగానిదానికి లేనిపోని పేరు తెచ్చిపెట్టారట. ఆ పిల్ల ఒంటి చేత్తో మొత్తం ఆట ఆడిందని వీళ్లలో ఒక్కడికి తెలుసా? తెలియజెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆ మనిషి నోటికి తాళం. జీవితంలో ఏ మాటా పొట్టలో దాచుకోని రామస్వామికి ఇంతకు మించిన శిక్ష లేదు.

ఆధార్ కార్డు మనిషి వెళ్లేసరికి హోటల్ ఈరన్న చాయ్ గ్లాసులతో లోపలికొచ్చాడు. ఈయన బడిలో రామస్వామితో పాటే ఆడాడు. ఆ చనువు ఎక్కువ.

"ఏం స్వామీ, ఈ వారం ఎవరి పల్లీలు? గోపాల్‌పేటోళ్లు కందులిస్తరంట, అడుగుదామా?"

"ఈరన్నా, పదమూడేండ్లల నేను ఎవరి దగ్గర చాయ్ తాగి రాసిన? నీ దగ్గరనే తాగిన. నీ కొడుకు ఆడినప్పుడు ఓడిపోతడని రాసిన్నా లేదా?"

"రాసినవ్. అందుకే అడుగుతున్న. మా పోరగాన్ని ఓడిపోతడని రాసినోనివి, ఆ పోరి మీద గంత ప్రేమ ఎందుకొచ్చింది?"

రామస్వామి నోరు తెరిచాడు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. మహేశ్వర్ కూడా తలెత్తి చూశాడు. ఆయన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. చివరికి, నీ చాయ్‌ల చక్కెర లేదు పో అన్నాడు. ఈరన్న నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మూడు దాటాక మహేశ్వర్ బోర్డు తుడిచి, మార్కరు మూత తీసి, సరే కాకా చెప్పమన్నాడు. రేపు వనపర్తి మైదానంలో తెలకపల్లికీ గోపాల్‌పేటకూ ఆట. లీగ్‌లో ఆఖరిది. ఎంచేవాళ్లు వచ్చేది దానికే. గ్రూపులో నలుగురు కొత్త మనిషితో రాయిద్దామంటున్నారని, ఈసారి జర చూసి చెప్పమని మెల్లగా చేర్చాడు. రామస్వామి గోపాల్‌పేట అన్నాడు. కారణం అడిగాడు మహేశ్వర్. రామస్వామికి మళ్లీ అదే ఇరకాటం. నిజం రాస్తే మాట తప్పుతాడు. అబద్ధం రాస్తే పోయిన వారం సంగతే మళ్లీ. తర్వాత చెబుతానని చెప్పులు వేసుకుని ఇంటిదారి పట్టాడు. దారి పొడుగునా గ్రూపులోని ఒక్కొక్కడినీ పేరుపేరునా తిట్టుకున్నాడు.

ఇంట్లో జమ్ములమ్మ కండెలకు నూలు చుడుతోంది. భార్గవి సంగతి ఆమెకు తెలుసు. పెళ్లానికి చెప్పడం చెప్పడం కిందికి రాదని రామస్వామి లెక్క. అన్నం పెట్టమని కూడా అనకుండా గడప మీద కూర్చుని మొదలుపెట్టాడు. పేరు పోయింది, పదమూడేళ్లది పోయింది, ఈరన్నగాడు నా మొహం మీద నవ్విండు, ఆ కొత్తగా రాసేటోడెవడో వాడికి బంతి గుండ్రంగ ఉంటదో పొడుగ్గ ఉంటదో తెల్వదు. అన్నీ అయ్యేదాకా ఆమె రాట్నం ఆపలేదు. తర్వాత ఆపింది.

"ఇంతకు ఆ పిల్లకు భుజం తగ్గిందా?"

రామస్వామి తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు.

"సోమవారం సంది నీ పేరు నీ పేరని మొత్తుకుంటున్నవ్. రేపు ఆ పిల్ల మల్ల అదే చెయ్యితోని పడతది. దవాఖానకు పోయిందా? ఎవలన్న చూసిన్రా? ఒక్కసారన్న అడిగినవా?"

అడగలేదు. తెలకపల్లి నుంచి వచ్చి ఎనిమిది రోజులైంది, ఒక్కసారీ అడగలేదు. ఆ సంగతి ఆయనకు అప్పుడే తట్టింది. గ్రూపులో ఉన్నవాళ్లందరి మీదా ఉన్న కోపం గిర్రున తిరిగి వచ్చి తన మీదే పడింది. మీదికొచ్చే పిల్లల నుంచి ఆ భుజాన్ని దాచానని గొప్పగా అనుకున్నాడు. చూపించాల్సిన వాళ్ల నుంచి కూడా దాచానని తోచలేదు. ఒకసారి జారింది, తనంతట తానే ఎక్కింది. రెండోసారి ఎక్కకపోతే? శనివారం నాలుగుసార్లు బంతి జారింది ఎందుకో ఆ మైదానంలో తెలిసింది తన ఒక్కడికే. తెలిసి ఇంటికొచ్చి ఫుట్‌బాల్ రెండూ కరెక్టయ్యాయని లెక్క చెప్పుకున్నాడు. అరవై ఏళ్లొచ్చిన మనిషి చేసే పనేనా ఇది?

"చెప్పనని మాటిచ్చిన" అన్నాడు.

"బోర్డుకు ఎక్కియ్యనని ఇచ్చినవ్. గది నిలబెట్టుకో. పిల్ల చెయ్యి పోయినా నోరు మూసుకుంటనని ఇచ్చినవా?"

ఫోన్ మోగింది. మహేశ్వర్. ఎత్తలేదు. రెండుసార్లు మోగి ఆగింది. గ్రూపు తనను తీసేసి ఎవడితో రాయించుకున్నా రాయించుకోనీ అనుకున్నాడు, అనుకోగానే కొంచెం మండింది కూడా, అయినా ఎత్తలేదు.

వసంత మేడం నంబరు ఉంది. ఇప్పుడే చేయొచ్చు. కానీ పిల్లకు తెలియకుండా మేడంకు చెబితే, రేపు ఆ పిల్ల ఏ పెద్దమనిషికీ నొప్పి చెప్పదు. ముందు భార్గవికే చేయాలి. కాలేజీ నుంచి అయిదింటికి ఇల్లు చేరుతుంది, అప్పుడు వాళ్ల అమ్మ ఫోను ఆ పిల్ల చేతికొస్తుంది.

"ఎత్తంగనే చెయ్యి యాడిదాక లేస్తున్నదో అడుగుత" అన్నాడు జమ్ములమ్మతో. "ఏడింటి లోపల అమ్మకు, మేడంకు నువ్వే చెప్పు బిడ్డా అంట. చెప్పకుంటే ఏడుంపావుకు మేడంకు నేను చెప్త, గది ముందుగాలనే నీకు చెప్తున్న అంట. ఏడుస్తది. తిడ్తది."

"తిట్టనీ" అంది జమ్ములమ్మ.

"తిట్టనీ" అన్నాడు రామస్వామి. గోడ గడియారం నాలుగు దాటింది. ఫోనులో భార్గవి వాళ్ల అమ్మ నంబరు వెతికి తెరిచి, అయిదు కొట్టేదాకా తెర ఆరిపోకుండా వేలితో తాకుతూ కూర్చున్నాడు.