గిరగిరాలాయన రేకుడబ్బా

మా వీధిలో ఆయన్ని అందరూ గిరగిరాలాయన అంటారు. రేకుడబ్బాకి చుట్టూ సన్నటి చీలికలు కోసి, లోపల కాగితంపట్టీ మీద వరసగా బొమ్మలు గీసి, మేకు మీద గిర్రున తిప్పుతాడు. చీలికల్లోంచి చూస్తే గుర్రం పరిగెడుతుంది. కుంచె నాలుకతో తడుపుతాడేమో, పెదాలెప్పుడూ నల్లగానే ఉంటాయి. మనుషులతో మాట్లాడినా ఒక కన్ను మూసుకునే మాట్లాడతాడు. నడుం పడిపోయి మంచం పట్టిన పెళ్ళాం, "గుర్రాల్ని పరిగెత్తిస్తావు, నన్నొక్కసారి లేపలేవా" అని ఎద్దేవా చేసిందట. ఆ మాట పట్టుకుని వారమంతా తిండీతిప్పలు మాని గీశాడు.

సూది అడిగే వంకతో వెళ్ళి, ఆవిడ మంచం పక్కన డబ్బా తిప్పుతున్న ఆయన భుజం మీదుగా నేనూ తొంగిచూశాను. బొమ్మలో ఆవిడే, అదే మంచం. లేచి కూర్చుంది, కాళ్ళు కిందపెట్టింది, నిలబడింది. మంచంమీద ఆవిడ మొహం విప్పారింది. అంతలోనే బొమ్మ మళ్ళీ పడుకుంది.

"అదేంటయ్యా, పడుకోబెట్టేశావు?" అంది ఆవిడ.

"చివరి బొమ్మ మొదటిదాంతో కలవాలే. లేకపోతే తిరగదు."

"అయితే నిలబడ్డప్పుడు ఆపెయ్."

ఆపాడు. చీలికలోంచి ఒక మోచెయ్యి తప్ప ఏమీ కనబడలేదు.

"తీసుకుపో" అంది. గోడవైపు తిరగడానికి కూడా ఒళ్ళు సహకరించక, కళ్ళు మూసుకుంది.