కంప్యూటర్లో పరామర్శకు పోయిన భాగ్యమ్మ

హఫీజ్‌పేట్‌లో ఎవరింట్లో చావు జరిగినా భాగ్యమ్మ పరామర్శకు వెళ్లాల్సిందే. ఊరు పుట్టినప్పటి నుంచీ ఉన్నవాళ్లా, నిన్నగాక మొన్న అపార్ట్‌మెంట్‌లో దిగినవాళ్లా అన్న తేడా ఆమెకు లేదు. వెళ్తుంది, ఏడ్చేవాళ్ల పక్కన చాప మీద కూర్చుంటుంది, "ఎట్లయింది బిడ్డా?" అని ఒక్క మాట అడుగుతుంది. ఇక ఆ తర్వాత వినడమే ఆమె పని. ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టదు. లేచేటప్పుడు పోయొస్తనని చెప్పదు. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని కానీ గడప దాటదు.

అలాంటి మనిషికి మోకాలి ఆపరేషన్ అయింది. ఉండేది మూడో అంతస్తు, మెట్లు దిగొద్దన్నాడు డాక్టరు. వీధిలోకి పోలేని భాగ్యమ్మకు ఇంట్లోనూ పని లేకుండా పోయింది. కూరగాయలు తరగబోతే భర్త పెంటయ్య కత్తిపీట లాక్కుంటాడు. టీవీ రిమోట్ పట్టుకుంటే కొడుకు ఆకాష్ "ఇటియ్యి అమ్మా" అంటాడు. ఫోన్లో అక్క కూతురి ఫోటో వెతుక్కుంటుంటే మళ్లీ "ఇటియ్యి". వాడు టకటకా నొక్కి ఫోటో బయటికి తీసి చేతిలో పెడతాడు. ఎలా తీశాడో చెప్పడు. ప్రేమతోనే చేస్తాడు, కాదనలేం. కానీ ఆ మాట వినివిని ఆమెకు ఒళ్లు మండిపోయేది. ఈ ఇంట్లో తన చేతికొచ్చిన పని తన చేతిలోనే పూర్తయి ఎన్నాళ్లయిందా అని ఒకరోజు ఆలోచిస్తే, గుర్తు కూడా రాలేదు.

కోడలు నీహారికది రాజమండ్రి. హైటెక్ సిటీలో ఉద్యోగం. అత్తగారు సోఫాలో ఉసూరుమంటూ కూర్చోవడం చూసి, ఒక శనివారం పొద్దున ఇంట్లోని పాత కంప్యూటరు ఆమె ముందు పెట్టింది.

"మా ఆఫీసులో ఫ్రెండ్స్ కలిసి చేసిన ఆటండి అత్తయ్యా. ఒక పెద్దాయన చనిపోతాడు. మీరు డిటెక్టివ్. ఇల్లంతా తిరిగి, అందరితో మాట్లాడి, చంపిందెవరో పట్టుకోవాలి. మనుషులు తెలుగులోనే మాట్లాడతారు, మీకు ఇబ్బందేం ఉండదు."

"నాకేం వస్తది బిడ్డా," అంది భాగ్యమ్మ. అంటూనే మౌస్ మీద చెయ్యేసింది.

అంతలో ఆకాష్ వచ్చి వాలాడు. "ఓ, గిదా! నేను ఆడిన. చంపింది మేనల్లుడని చెప్పిన, తప్పయింది. ఒక్కసారే పేరు చెప్పాలె, తప్పు చెప్తే కేసు మూసేస్తరు, మొత్తం మొదటికొస్తది. బేకార్ ఆట. ఇటియ్యి, ఎట్ల నడవాల్నో చూపిస్త."

"చెయ్యి తీయ్ రా," అంది భాగ్యమ్మ. ఆ గొంతుకు ఆకాష్ నిజంగానే చెయ్యి తీసేశాడు. "దీన్ని నేనే ఆడుత. నేనే పట్టుకుంట. మౌస్ మీద ఎవలన్న చెయ్యేస్తే నాకంటే చెడ్డది ఉండదు. గెలిచినా ఓడినా నాదే." మాటైతే అనేసింది. ఓడితే ఇంట్లో అందరూ ఏమంటారో తెలుసు. ఏమీ అనరు. నవ్వి, ఇటియ్యి అంటారు. ఇక జన్మలో ఏదీ ఆమె చేతిలో ఉంచరు.

ఆటలో పోయినాయన పేరు సోమేశ్వరరావు. పెద్ద మేడ. పడక గదిలో కుర్చీలోనే ప్రాణం పోయింది. పాలల్లో మందు కలిపారట. మేడలో నలుగురున్నారు: తమ్ముడు నరసింహమూర్తి, మేనల్లుడు బుల్లిబాబు, డ్రైవరు దినేశ్, వంటమనిషి లచ్చమ్మ.

మౌస్ ఒక పట్టాన మాట వినలేదు. బాణం గుర్తు ఆమె రమ్మన్న చోటికి రాక, గోడలెక్కి, తెర అంచున ఎక్కడో దాక్కునేది. అది లొంగేసరికి మధ్యాహ్నమైంది. లొంగాక ఇంకో చిక్కు వచ్చింది. మేడ వంటింట్లో బీరువా ఉంది, దాంట్లో ఏముందో చూడాలి. భాగ్యమ్మ చూడదు.

"తెరవండి అత్తయ్యా," అంది నీహారిక.

"వంటామె ఆడనే నిలవడ్డది కద. మంది ఇంట్ల, ఆమె ముంగటనే బీరువా తీస్తమా?"

"ఆవిడ బొమ్మండి. ఎన్నాళ్లున్నా అక్కణ్ణుంచి కదలదు."

భాగ్యమ్మ లచ్చమ్మ బొమ్మ వైపు చూసి, "ఏమనుకోకు అవ్వా," అని మెల్లగా చెప్పి అప్పుడు నొక్కింది. ఆట ఆపి లేచాక, చావు జరిగిన ఇంటి నుంచి వచ్చింది కనుక, కాళ్లు కడుక్కున్నాకే దేవుడి గదివైపు వెళ్లింది. నీహారిక నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

ఆదివారం అసలు తమాషా మొదలైంది. భాగ్యమ్మ తనకు తెలిసిన విద్యే బయటికి తీసింది. పరామర్శలో ఆమె గమనించిన సంగతొకటుంది. నిజంగా గుండె పగిలినవాళ్లు ఒకే కథను ఒకేలా రెండుసార్లు చెప్పలేరు. చెప్పిన ప్రతిసారీ కొత్తగా ఏదో గుర్తొస్తుంది. చందానగర్‌లో ఒకాయన తన అన్న పోయిన వైనం వచ్చిన ప్రతివాళ్లకూ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. నెల తిరక్కుండా తెలిసింది, అన్న మంచాన పడ్డప్పుడు ఆయన తొంగైనా చూడలేదని. కాబట్టి భాగ్యమ్మ మేడలోవాళ్లను "ఎట్లయింది?" అని మళ్లీ మళ్లీ అడిగింది. బుల్లిబాబు మొదట్లో ఒకటీ రెండూ కొత్త మాటలు చెప్పాడు, తర్వాత చెప్పిందే చెప్పాడు. దినేశూ అంతే. లచ్చమ్మా అంతే: "అయ్యకు పాలిచ్చి వచ్చాను. మళ్లీ వెళ్లేసరికి ప్రాణం లేదు. భయమేసి గ్లాసు తీసుకుపోయి కడిగేశాను, ఆ తర్వాతే అందర్నీ పిలిచాను."

భాగ్యమ్మ కుర్చీ వెనక్కి జరిపి, చాలా గంభీరంగా ఇంట్లో ప్రకటించింది. "అందరు దొంగలే. కలిసే చంపిన్రు. ముక్క తేడా లేకుండ పాఠం ఒప్పజెప్తున్నరు."

ఆకాష్ పొట్ట పట్టుకుని నవ్వాడు. పెంటయ్య కూడా పేపరు చాటున నవ్వాడు. భాగ్యమ్మ ముఖం చిన్నబోయింది. నీహారిక పక్కన కూర్చుని చెప్పింది: "వాళ్లకి రాసిచ్చిన మాటలు అంతేనండి అత్తయ్యా. అవి అయిపోతే పాపం ఏం చేస్తారు, చివరి మాటే తిప్పి తిప్పి చెబుతారు."

భాగ్యమ్మకు తల కొట్టేసినట్టయింది. లేచిపోదామనుకుంది. లేవలేదు. మోకాలు కాదు ఆపింది, ఆ మాటే ఆపింది. అంటే చెప్పిందే చెప్పేవాడి దగ్గర ఇక సరుకు లేదన్నమాట. మరి ఇంకా సరుకు ఉన్నది ఎవరి దగ్గర? ఎవరిని తను పూర్తిగా అడగలేదు?

నరసింహమూర్తిని.

ఆయన ఏడుస్తుంటాడు. నొక్కితే ముఖానికి కండువా అడ్డం పెట్టుకుని, "నేను గుడికి వెళ్లాను, వచ్చేసరికి అంతా అయిపోయింది. గది బయటే కూలబడ్డాను, లోపలికి తొంగి చూసే ధైర్యం కూడా లేకపోయింది," అని వెక్కుతాడు. ఏడ్చేవాణ్ణి గుచ్చి గుచ్చి అడగడం పరామర్శకు వెళ్లినవాళ్లు చేసే పని కాదు. ఇన్నేళ్లలో భాగ్యమ్మ ఎవరి దగ్గరా చెయ్యలేదు. అందుకే ఆయన్ని ఒక్కసారి పలకరించి, మర్యాదగా వదిలేసింది. ఆటలో పడ్డా మర్యాద మాత్రం వదల్లేదు మహాతల్లి.

ఈలోగా తండ్రీ కొడుకులకు గొడవైంది. "డ్రైవరే అమ్మా," అన్నాడు ఆకాష్. "మేనల్లుడు కాదని తేలిపోయింది. తమ్ముడు ఏడుస్తనే ఉన్నడు. వంటామె గ్లాసు కడిగిన అని తనే చెప్పింది. ఇగ మిగిలిందెవరు?"

పాతికేళ్లు స్కూలు వ్యాను నడిపిన పెంటయ్యకు చిర్రెత్తుకొచ్చింది. "డ్రైవర్ని అనకు. బండి నడిపేటోనికి అన్నం తిననీకే టైం ఉండది, మనుషుల్ని చంపనీకే యాడుంటది? ఆ వంటామెనే. సాక్ష్యం కడిగేసింది, కనవడ్తలేదా?"

"నువ్వూరుకో నాయినా."

"నువ్వూరుకోరా. ఏమే భాగ్యా, వంటామె పేరు నొక్కు."

భాగ్యమ్మ ఇద్దరి మాటా చెవిన పెట్టలేదు. బాణాన్ని నరసింహమూర్తి మీదికి తీసుకెళ్లింది. మనసులో ఆయనకో దండం పెట్టి నొక్కింది. ఆయన ఏడ్చాడు, అదే మాట. మళ్లీ నొక్కింది. మళ్లీ ఏడుపు, మళ్లీ అదే మాట.

"అయిపోయినయమ్మా ఆయన మాటలు," అన్నాడు ఆకాష్. "నేను రెండుసార్లు నొక్కి ఇడిచిపెట్టిన."

"కండువ జర కిందికి దిగింది చూడు," అంది భాగ్యమ్మ. "మాటలు అయిపోయినోనికి కండువ దిగది."

నిజమే. నొక్కిన కొద్దీ కండువా దిగుతోంది. ఆమె ఆపలేదు. చాప మీద పక్కన కూర్చున్నట్టే ఓపిగ్గా అడిగింది. కండువా గడ్డం దాకా దిగింది. నరసింహమూర్తి ఏడుపు ఆపేసి, చాలా మామూలుగా, "అన్నయ్యకు ఆకలి కూడా తీరలేదు. గ్లాసులో పాలు సగం అలాగే ఉండిపోయాయి," అన్నాడు.

ఆకాష్ తెర మీదికి వంగాడు.

"గ్లాసు..." అన్నాడు పెంటయ్య.

"అందర్నీ పిలవకముందే కడిగేసింది కద వంటామె," అంది భాగ్యమ్మ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "గుడి నుంచి వచ్చి గది బయటనే కూలవడ్డ అన్నడు. ఆ గ్లాసుల సగం పాలున్నయని వీనికెట్ల ఎరుక? వీడు ముందే లోపటికి పోయిండు. దగ్గర నిలవడి తాగిపిచ్చిండు."

చెప్పేసింది కానీ వెంటనే నొక్కలేదు. పేరు చెప్పడానికి ఒక్కటే అవకాశం. తెర మీద నాలుగు ముఖాలూ వరసగా నిలబడ్డాయి. తప్పయితే అంతా మొదటికి. నీహారిక కొంగు కొస నలుపుకుంటూ నిలబడింది. భాగ్యమ్మ ఎవరి ముఖమూ చూడలేదు. నరసింహమూర్తిని నొక్కింది.

పోలీసు జీపొచ్చింది. కండువా నేల మీద పడింది. సంకెళ్లు పడ్డాయి.

"గెలిచిందిరా నా భార్య!" అని పెంటయ్య పేపరు గాల్లోకి విసిరి, సోఫాలోంచి లేచాడు. నీహారిక అత్తగారి మెడ చుట్టూ చేతులేసింది. "ఆట చేసిన మా ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసి చెప్పాలండి అత్తయ్యా! ఆ పాల మాట దాకా ఎవరూ రాలేకపోతున్నారని దాన్ని తీసేద్దామనుకుంటున్నారు." ఆకాష్ నోరెళ్లబెట్టి తెరనూ తల్లినీ మార్చి మార్చి చూశాడు. వాడి కళ్లలో కనిపించింది ఉత్త గర్వం.

అప్పుడు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: "ఈ కేసు ఛేదించిన డిటెక్టివ్ పేరు?" కింద తెలుగు అక్షరాలన్నీ బారులు తీరాయి. ఒక్కొక్కటీ వెతికి నొక్కాలి. అలవాటు చొప్పున ఆకాష్ చెయ్యి ముందుకొచ్చింది. సగం దాకా వచ్చి, తనంతట తనే వెనక్కి పోయి, జేబులో దూరింది.

భాగ్యమ్మ కళ్లజోడు సర్దుకుని "భ" కోసం వెతికింది. దొరికింది. దీర్ఘం దొరికింది. "గ" దొరికింది. దాని కింది "య" వత్తు ఎక్కడుందో చాలాసేపు దొరకలేదు. కుక్కర్ కూతలు పెట్టింది, ఎవరూ కదల్లేదు. వత్తు ఎక్కడుందో ఆకాష్‌కు కనిపిస్తూనే ఉంది. అయినా వాడు నోరు మెదపకుండా, ఆమె దాన్ని కనుక్కునేదాకా పక్కనే నిలబడ్డాడు.